పడగొట్టడం వేరు, విప్పడం వేరు

(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏ విషయం మీద మాట్లాడాలి అని కార్యదర్శిగారిని అడిగితే, "మీకు తెలిసిన విషయమే చెప్పండి సాబ్" అన్నారు. నేను ఇంటర్మీడియట్ పాసై ఇంజనీర్స్‌లో భర్తీ అయినవాణ్ణి. నాకు తెలిసిన పనులు రెండే. ఒకటి కట్టడం, రెండోది విప్పడం. కట్టడం గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. అందుకని ఈరోజు విప్పడం గురించి నాలుగు మాటలు చెప్తాను.

ఢిల్లీలో, నోయిడాలో, గుర్‌గావ్‌లో, ఘజియాబాద్‌లో మనవాళ్ళు ముప్పై నలభై ఏళ్ళ క్రితం రూపాయి రూపాయి కూడబెట్టి కట్టుకున్న ఇళ్ళు ఇప్పుడు ఒక్కొక్కటీ తీసేసి, బిల్డరుకిచ్చి నాలుగంతస్తులు లేపుతున్నారు. ఊళ్ళో నాన్నగారు కట్టిన పెంకుటిళ్ళ సంగతీ అంతే. కొత్త ఇల్లు ఎలా ఉండాలి, ఎన్ని గదులు, ఏ మార్బుల్ అని ఆరు నెలలు ఆలోచిస్తాం. పాత ఇల్లు ఎలా తీయాలి అని ఆరు నిమిషాలు కూడా ఆలోచించం. నా మనవి ఒక్కటే. ఇంటిని పడగొట్టకండి, విప్పండి.

రెండూ ఒకటే కదా, మాటల్లోనే తేడా అని కొందరు అనుకోవచ్చు. కాదు. కేంద్ర ప్రభుత్వ కట్టడాలు చూసే సి.పి.డబ్ల్యు.డి. వారి స్పెసిఫికేషన్ పుస్తకంలో ఈ రెంటికీ వేరువేరు అర్థాలు రాసి ఉన్నాయి. డిస్‌మాంట్లింగ్ అంటే భాగాలను పాడుచేయకుండా, జాగ్రత్తగా విడదీసి తీయడం. డిమాలిషన్ అంటే పగలగొట్టడం. వారి ఢిల్లీ రేట్ల పుస్తకంలో ఈ పనులకు ఒక అధ్యాయమే ఉంది. పనికొచ్చే సామాను 50 మీటర్ల లోపు పేర్చి పెట్టాలి, పనికిరానిది విడిగా వేయాలి అని అందులో రాసి ఉంటుంది. మన ఎమ్.ఇ.ఎస్. పనుల్లోనూ అంతే. పాత బ్యారక్ తీసేటప్పుడు ఏ సామాను దొరుకుతుంది, దానికి కాంట్రాక్టరు ఎంత క్రెడిట్ ఇవ్వాలి అన్నది కాంట్రాక్టులోనే వస్తుంది. అంటే ప్రభుత్వం తన పాత తలుపుకి కూడా లెక్క కడుతుంది. మనమే కట్టం.

యూనిట్‌లో మనం ఎలా ఉండేవాళ్ళమో ఒకసారి గుర్తు చేసుకోండి. చిరిగిన కంబళి, సొట్టపోయిన మగ్గు, తుప్పు పట్టిన మంచం కూడా అలా పారేసేవాళ్ళం కాదు. బోర్డు కూర్చోవాలి, సర్వీసబుల్ ఏది, రిపేరబుల్ ఏది, కండెమ్ ఏది అని తేల్చాలి, సంతకాలు పడాలి, లెడ్జర్‌లోంచి తీయాలి. ఇరవై ఏళ్ళు, ముప్పై ఏళ్ళు అలా బతికినవాళ్ళం. మరి సొంత ఇంటి దగ్గరికి వచ్చేసరికి తలుపులు, కిటికీలు, దూలాలు, ఇటుకలు మొత్తం బోర్డూ లేదు, లెక్కా లేదు, ఠేకేదారు చేతిలో పెట్టేస్తున్నాం!

విప్పడమంటే తక్కువ పని అనుకోకూడదు. సైన్యంలో అది కట్టడంతో సమానమైన విద్య. బెయిలీ వంతెన సంగతి ఇక్కడ చాలామందికి తెలుసు. రెండో ప్రపంచ యుద్ధం నాటి డిజైను. ఒక్కో ప్యానెల్ 10 అడుగుల పొడవు, బరువు సుమారు 260 కిలోలు, ఆరుగురు మనుషులు మోసుకెళ్ళేటట్టు చేశారు. పిన్ను పెడితే కలుస్తుంది, పిన్ను తీస్తే విడిపోతుంది. 2010 సెప్టెంబరు 21న, కామన్‌వెల్త్ క్రీడలకు ముందు, మన ఢిల్లీలో జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం దగ్గర కడుతున్న కాలినడక వంతెన కూలిపోయింది. మన ఇంజనీర్లు కొద్ది రోజుల్లోనే అక్కడ బెయిలీ వంతెన వేశారు. క్రీడలు అయ్యాక విప్పి తీసుకెళ్ళారు. 2024 జులై 30న వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడ్డప్పుడు, చూరల్‌మల దగ్గర మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ వారు ఆగస్టు 1 సాయంత్రానికల్లా 190 అడుగుల వంతెన నిలబెట్టారు. విప్పి, లెక్కపెట్టి, గ్రీజు రాసి, పేర్చి పెట్టుకునే అలవాటు ఉండబట్టే అవసరం పడ్డ రోజున అంత తొందరగా సామాను కదిలింది. విప్పడం సరిగ్గా చేసినవాడికే రెండోసారి కట్టే వీలు ఉంటుంది.

ఇక ఢిల్లీలో ఇళ్ళు ఎలా తీస్తున్నారో చూద్దాం. ఠేకేదారు వస్తాడు. ఇల్లు ఒక చుట్టు తిరిగి చూస్తాడు. "సాబ్, మూడు రోజుల్లో మైదానం చేసి ఇస్తా. మీరు పైసా ఇవ్వక్కర్లేదు. మల్బా నాది" అంటాడు. మల్బా అంటే మనకు తెలిసిన అర్థం పగిలిన ఇటుక, మట్టి, సిమెంటు పెళ్ళల కుప్ప. అతని అర్థం వేరే. అతని లెక్కలో తలుపులు, కిటికీలు, గ్రిల్స్, గర్డర్లు, కప్పు రాళ్ళు, రాగి తీగ అన్నీ మల్బాయే. మనకేమో ఖర్చు లేకుండా పని అయిపోయిందని సంతోషం. అతనికి అందులో మిగలకపోతే ఊరికే ఎందుకు చేస్తాడు? ఆలోచించండి.

పాలం వైపు ఒక కాలనీలో నా స్నేహితుడొకాయన ఉన్నారు. ఎయిర్‌ఫోర్స్‌లో చేసి రిటైరయ్యారు. మాది ఒకే జిల్లా, నేను అన్నగారూ అని పిలుస్తాను. 1984లో కట్టుకున్న ఇల్లు, ఒకటే అంతస్తు. ఢిల్లీలో ఆ రోజుల్లో శ్లాబు అందరూ వేయించలేకపోయేవారు. ఇనుప గర్డర్లు, టీ-ఐరన్లు పెట్టి, వాటి మీద ఎర్రరాతి పలకలు పరిచేవారు. ఈయన ఇల్లూ అదే. ఠేకేదారు మాటకి ఆయన సరే అనబోతుంటే నేను, "అన్నగారూ, ఒక్క పూట ఆగండి, బోర్డు వేద్దాం" అన్నాను. వదినగారు నవ్వారు. నోట్‌బుక్ తీసుకుని ఇద్దరం గది గది తిరిగాం. సాల్ కర్ర చౌకట్లు ఏడు, వాటి తలుపులు, కిటికీలు తొమ్మిది, ఇనుప గ్రిల్స్, గర్డర్లు నాలుగు, టీ-ఐరన్లు, కప్పు మీద రాతి పలకలు, సింకు, కుళాయిలు, ఫ్యాన్లు, నీళ్ళ ట్యాంకు. రాసేసరికి రెండు పేజీలు నిండాయి. అన్నగారు ఆ జాబితా చూసి, "ఇంత ఇంట్లో ఉన్నామా మనం!" అన్నారు.

మూడు రోజులు అనుకున్న పని పదకొండు రోజులు పట్టింది. ఇద్దరు మేస్త్రీలు, నలుగురు కూలీలు, ఒక వడ్రంగి. కిటికీలు కొత్త ఇంటి మేడ మీద గదికి పెట్టారు. మంచి ఇటుకలు ప్రహరీ గోడకి సరిపోయాయి. రాతి పలకలు కొన్ని మెట్లకి, ముందు వాకిలికి వాడారు. మిగతా కర్ర, ఇనుము అమ్మారు. కూలీ ఖర్చులు అందులోనే వచ్చి, పైన కొంత మిగిలింది. ఎంత మిగిలిందని అడగకండి, అది ఇంటింటికీ మారుతుంది. పూజగది గడప మాత్రం వదినగారు ఎవరికీ ఇవ్వలేదు. ముప్పై ఏళ్ళకు పైగా పసుపు రాసిన గడప అది. వడ్రంగి దాన్ని చెక్కకుండా, కోయకుండా, కొత్త పూజగదికే అమర్చాడు.

అదే కాలనీలో, పక్క వీధిలో మరో ఇల్లు అదే నెలలో పడగొట్టారు. తొందరగా అవుతుందని గోడని కింద నుండి తవ్వి, పైభాగం దానంతట అదే పడేటట్టు చేస్తున్నారు. గోడ అనుకున్న వైపు పడలేదు. ఇరవై ఏళ్ళ కుర్రవాడు, కాళ్ళకి చెప్పులు, తలకి గుడ్డ, అంతే. రెండు కాళ్ళూ నలిగిపోయాయి. ఠేకేదారు ఆ సాయంత్రమే ఫోన్ ఆపేశాడు. ఆసుపత్రి ఖర్చు వీధిలోవాళ్ళం తలా కొంత వేసుకుని ఇచ్చాం. సోదరులారా, పైసా ఖర్చు లేకుండా అయిపోయింది అనుకుంటాం గాని, ఆ పైసా ఎవరో ఒకరు కడతారు. ఆ వీధిలో ఆ కుర్రవాడు కట్టాడు.

కాబట్టి పని వరస చెప్తాను, వినండి. మొత్తానికి సూత్రం ఒకటే. కట్టిన వరసని తిరగేయాలి. చివర పెట్టింది ముందు తీయాలి.

మొదట కరెంటు, నీళ్ళు, గ్యాస్, మురుగు కనెక్షన్లు ఆపించాలి. మెయిన్ ఆఫ్ చేశాం అనుకోవడం చాలదు, లైను కట్ చేయించాలి. పక్క ఇంటి గోడకి మన గోడ కలిసి ఉంటే ముందుగానే ఫోటోలు తీసి, వారికి చెప్పి మొదలుపెట్టాలి. తర్వాత ఫ్యాన్లు, స్విచ్చి బోర్డులు, కుళాయిలు, సింకులు. ఆ తర్వాత తలుపు రెక్కలు, కిటికీ రెక్కలు, గ్రిల్స్. చౌకట్లు, అంటే ద్వారబంధాలు, గోడతో పాటే ఉంచి, పైన బరువు తీశాకే లాగాలి. తర్వాత కప్పు. పెంకులైతే పైనుండి కిందికి, వరస వరసా చేతికందించుకుంటూ దించాలి. రాతి పలకలైతే ఒక్కొక్కటీ తాడుతో దించాలి. అప్పుడు వాసాలు, దూలాలు, గర్డర్లు. చివరికి గోడలు, అవీ పైవరస నుండి కిందికి. తీసిన బరువు కప్పు మీద కుప్ప పోయకూడదు. గోడని కింద నుండి తవ్వకూడదు. వీటన్నిటికీ ఐ.ఎస్. 4130 అని భద్రతా కోడ్ ఉంది. పెద్ద కాంట్రాక్టులకే గాని మన చిన్న ఇంటికి ఎందుకులే అనుకోకండి. ఇటుక బరువు చిన్న ఇంట్లోనూ అంతే.

ఇటుక సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. పాత ఇళ్ళు గానుగ సున్నంతోనో, మట్టితోనో కట్టినవైతే ఇటుకలు చక్కగా ఊడి వస్తాయి. సున్నం ఇటుక కన్నా మెత్తన, కాబట్టి సుత్తితో తడితే సున్నం విడుతుంది, ఇటుక నిలుస్తుంది. సిమెంటు పాలు ఎక్కువ వేసి కట్టిన గోడలో దీనికి తిరగబడి జరుగుతుంది. ఇటుకే పగులుతుంది, సిమెంటు వదలదు. అందుకే పాత ఇల్లు చూడగానే ముందు ఒక మూల నాలుగు ఇటుకలు తీసి చూడండి. రెండు ఇటుకలు ఒకదానికొకటి తగిలిస్తే ఖంగుమనాలి. గోరుతో గీస్తే గీత పడకూడదు. అలాంటి ఇటుక మళ్ళీ వాడితే, కొత్తది కాల్చడానికి కావలసిన బొగ్గు, పొలంలోంచి తవ్వాల్సిన మట్టి రెండూ మిగిలినట్టే. కట్టే ముందు పాత ఇటుకని శుభ్రం చేసి నీళ్ళలో బాగా నానబెట్టాలి.

కర్ర మన తెలుగువాళ్ళకి ఇంకా ముఖ్యం. గోదావరి జిల్లాల మండువా లోగిళ్ళలో, కోస్తాలో మద్రాసు టెర్రస్ వేసిన మేడల్లో ఉన్న టేకు ఈరోజు అంగడిలో దొరికే కర్ర కాదు. ఆ ఇళ్ళు దూరాన ఉన్న కొడుకులు, అంటే మనమే, సెలవులో వెళ్ళి నాలుగు రోజుల్లో గుత్తగా బేరం చేసి వచ్చేస్తాం. కొన్నవాడు స్తంభాలు, దూలాలు ఘనపుటడుగుల లెక్కన అమ్ముకుంటాడు. మనం గుత్తగా అమ్మాం, వాడు కొలిచి అమ్మాడు. తేడా అక్కడే ఉంది. సెలవు వారం రోజులు ఎక్కువ పెట్టండి, ఒక వడ్రంగిని వెంట ఉంచుకుని కొలవండి. చెదపట్టింది, పుచ్చింది వేరు చేయండి. మేకులు తీయకుండా కోత మిల్లుకి పంపకండి, బ్లేడు విరుగుతుంది, మనిషికి ప్రమాదం.

అన్నీ మళ్ళీ వాడేయమని నేను చెప్పడం లేదు. కండెమ్ చేయాల్సినవీ ఉన్నాయి. శ్లాబు పగలగొట్టి తీసిన ఇనుప రాడ్లు వంచి, సాగదీసి అమ్ముతారు. అవి కొత్త శ్లాబుకి, పిల్లర్లకి వాడకండి, కరిగించడానికి ఇచ్చేయండి. పాత కరెంటు తీగ మళ్ళీ వేయకండి. రాగి కోసం తీగలు కాల్చనివ్వకండి, ఆ పొగ విషం. ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకులుంటే పగలగొట్టకండి. తడిపి, బోల్టులు విప్పి, మొత్తంగా దించండి. వాటి పొడి ఊపిరితిత్తుల్లోకి వెళితే ఎన్నో ఏళ్ళ తర్వాత జబ్బు చేస్తుంది. ఆ రేకులు పేదవాడికి పాకకి పనికొస్తాయని దానం కూడా చేయకండి.

ఇక ఊరి సంగతి. నోయిడా సెక్టర్ 93ఎ లోని జంట టవర్లు 2022 ఆగస్టు 28న సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం పేల్చేశారు. మనవాళ్ళు చాలామంది ఉండే అరుణ్ విహార్, జలవాయు విహార్ ఉన్న నోయిడాయే అది. కుతుబ్ మినార్ కన్నా ఎత్తైన కట్టడాలు కొద్ది క్షణాల్లో నేలకూలడం టీవీలో అందరం చూశాం. సుమారు 3,700 కిలోల పేలుడు మందు, దాదాపు 80,000 టన్నుల శిథిలాలు అని పత్రికల్లో వచ్చింది. మనం టీవీలో చూడనిది ఒకటుంది. దానికి ముందు నెలల తరబడి తలుపులు, కిటికీలు, తీగలు, లోపలి గోడలు తీసే పని జరిగింది. అంత పెద్ద పేలుడుకి కూడా ముందు విప్పడమే మొదటి మెట్టు.

పగిలిన కాంక్రీటుకి కూడా దారి ఉంది. 2009లో మన దేశంలో మొదటిసారిగా ఢిల్లీ బురాడీలో ఇలాంటి శిథిలాలను కంకరగా, ఇసుకగా మార్చే ప్లాంటు పెట్టారు. 2019లో ప్రారంభమైన సుప్రీంకోర్టు అదనపు భవనాల్లో ఇలా తయారైన బ్లాకులు వాడారు. 2016లో ఐ.ఎస్. 383 ప్రమాణం మార్చి, కాంక్రీటు నుండి చేసిన ఈ కంకరను ఉక్కు కడ్డీల కాంక్రీటులో ఎమ్-25 గ్రేడు వరకు 20 శాతం దాకా కలపవచ్చని ఒప్పుకున్నారు. అదే ఏడాది వచ్చిన కేంద్ర నిబంధనలు కాంక్రీటు, మట్టి, ఇనుము-కర్ర-ప్లాస్టిక్, ఇటుక-గార అని వేరు చేయాలని పెద్ద పనులవాళ్ళకి చెప్పాయి. 2026 ఏప్రిల్ 1 నుండి అమలయ్యేటట్టు 2025లో కొత్త నిబంధనలు కూడా ప్రకటించారు. ఇవన్నీ మంచివే. కాని ఇటుకని పొడి చేసి వాడడం కన్నా ఇటుకని ఇటుకగా వాడడం ఒక మెట్టు పైన. ప్లాంటుకి పంపడం ఆఖరి దారి, మొదటి దారి విప్పడమే.

గాలి సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు. చలికాలం వస్తే ఢిల్లీలో పిల్లలు దగ్గుతూ బడికి వెళ్తారు. గాలి బాగా చెడితే గ్రాప్ మూడవ దశ పెట్టి చాలా రకాల కట్టే పనులు, కూల్చే పనులు ఆపేస్తారు. సగం తీసిన ఇల్లు అలాగే ఉండిపోతుంది. అందుకని ఫిబ్రవరి, మార్చిలో మొదలుపెట్టి వర్షాల లోపు పూర్తి చేసుకోండి. కర్ర తడవదు, పని ఆగదు. విప్పేటప్పుడు దుమ్ము తక్కువ లేస్తుంది, అయినా నీళ్ళు చల్లుతూ, చుట్టూ పరదా కట్టి చేయాలి.

కొందరు పెద్దలు అడుగుతారు, "పాత ఇంటి కర్ర కొత్త ఇంటికి వాడకూడదంటారు కదా, వాస్తు ఒప్పుకోదు కదా" అని. ఎవరి నమ్మకం వారిది, నేను కాదనను. ఒక్క మాట మాత్రం మనవి చేస్తాను. శ్రీశైలం ప్రాజెక్టు కట్టినప్పుడు కృష్ణా, తుంగభద్రలు కలిసే చోట ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయం మునిగిపోతుందని రాయి రాయీ విప్పి, ఆలంపురం తెచ్చి తిరిగి కట్టారు. అంతకు ముందు నాగార్జునసాగర్ నీళ్ళలో మునిగిపోయే లోయలోంచి నాగార్జునకొండ కట్టడాలు కొన్నింటిని అలాగే పైకి తరలించారు. దేవుడి గుడినే విప్పి అదే రాయితో మళ్ళీ కట్టుకున్నవాళ్ళం. నాన్నగారి చేతి తలుపు మనకి పనికిరాకుండా పోతుందా? అయినా మనసు ఒప్పకపోతే అమ్మండి, లేదా అవసరమున్నవాడికి ఇవ్వండి. పగలగొట్టి మాత్రం పారేయకండి.

ఇంకో జాగ్రత్త. విప్పమన్నాం కదా అని ప్రతిదీ విప్పకూడదు. నిజాముద్దీన్ దగ్గర రహీం సమాధి చూసే ఉంటారు. హిందీ దోహాలు రాసిన ఆ రహీమే. ఆ సమాధి పాలరాయి, ఎర్రరాయి ఊడదీసి 18వ శతాబ్దంలో సఫ్దర్‌జంగ్ సమాధికి వాడారు. ఆ తర్వాత అది రెండు వందల ఏళ్ళకు పైగా బోసిగా నిలబడింది. 2020 నాటికి మరమ్మతులు చేసి నిలబెట్టారు. నిలబడగలిగిన ఇంటిని, చరిత్ర ఉన్న ఇంటిని ముందు బాగు చేసుకోవాలి. ఇక బాగుపడదు అని తేలితేనే విప్పాలి. అదీ బోర్డు తేల్చాల్సిన మాటే.

బయటి దేశాల్లో ఇది చట్టమే అయింది. అమెరికాలో పోర్ట్‌లాండ్ అనే నగరంలో 2016 నుండి, 1916లోగా కట్టిన ఇళ్ళను యంత్రంతో కూల్చకూడదు, చేత్తో విప్పాలి అని నియమం పెట్టారు. 2020లో దాన్ని 1940లోగా కట్టిన ఇళ్ళకి పెంచారు. మన దగ్గర ఈ పని చేయగల చేతులు ఎప్పటినుండో ఉన్నాయి. మాయాపురిలో ఇనుము వేరు చేసేవాడు, అమర్ కాలనీలో పాత కర్ర సామానుకి కొత్త రూపు తెచ్చేవాడు ఆ పనిమంతులే. వాళ్ళకి కావలసింది పగలని సామాను.

చివరగా మన సంఘానికి మూడు సూచనలు చేస్తాను. ఒకటి, సభ్యులలో ఎవరైనా ఇల్లు తీసేటప్పుడు ముందుగా చెబితే, ఇంజనీర్స్, ఎమ్.ఇ.ఎస్.లలో చేసిన మనలో ముగ్గురు వెళ్ళి ఒక పూట బోర్డు కూర్చుని జాబితా రాసి ఇద్దాం. ఫీజు ఏమీ లేదు, టీ ఇస్తే చాలు. రెండు, బిల్డరుతో గాని ఠేకేదారుతో గాని రాసుకునే అగ్రిమెంటులో "మల్బా" అన్న ఒక్క మాట ఒప్పుకోకండి. ఏ సామాను ఎవరిది అని పేరు పేరునా రాయించండి. కూలీలకి హెల్మెట్, బూట్లు, చేతి తొడుగులు, ప్రమాద బీమా ఎవరు ఇస్తారో కూడా అదే కాగితంలో రాయించండి. మూడు, ఒకరింట్లో తీసిన తలుపు మరొకరికి పనికొచ్చేటట్టు మన సంఘం కార్యాలయంలో ఒక రిజిస్టరు పెడదాం.

మనం డ్యూటీలో ఉన్నప్పుడు క్యాంపు ఎత్తేసి వెళ్ళే రోజున ఆ నేల ఎలా ఉండేది? టెంటు మడత పెట్టి, మేకులు లెక్కపెట్టి, గుంటలు పూడ్చి, కాగితం ముక్క కూడా లేకుండా చేసి కదిలేవాళ్ళం. సొంత ఇంటి దగ్గర అంతకన్నా తక్కువ చేయకూడదు. 

జై హింద్.